మాజీ సైనికుడికి కిడ్నీ: ఇచ్చేవాళ్ళ లెక్క ఎవరిది?

కిడ్నీలు రెండూ చెడిపోయిన మాజీ సైనికుడి ముందు మూడు దారులుంటాయి. వారానికి మూడు పూటలు డయాలసిస్ చేయించుకుంటూ కాలం గడపడం ఒకటి. అవయవాలు కేటాయించే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో పేరు రాయించుకుని, బ్రెయిన్‌డెడ్ అయిన ఎవరి కిడ్నీ అయినా తన వంతుకు వస్తుందేమోనని ఎదురుచూడటం రెండోది. బతికున్న మనిషి ఒకరు తన కిడ్నీల్లో ఒకటి ఇవ్వడం మూడోది. కుదిరితే మూడోదే మేలంటారు డాక్టర్లు. బతికున్న దాత ఇచ్చిన కిడ్నీ సగటున 15 నుంచి 20 ఏళ్ళు పనిచేస్తుంది. చనిపోయిన దాతదైతే 10 నుంచి 15 ఏళ్ళు. పైగా ఆపరేషన్ తేదీ ముందే ఖాయం చేసుకోవచ్చు, డయాలసిస్ దాకా పోకుండానే చేయించుకునే వీలూ ఉంది.

అయితే ఈ దారిలో మొదటి అడుగు నోరు తెరిచి అడగడం. ఇరవై ఏళ్ళు యూనిఫాం వేసుకుని, సెలవులో ఊరికొస్తే పదిమందికీ తనే సాయం చేసిన మనిషి, ఇప్పుడు తమ్ముడి ముందు కూర్చుని 'ఒక కిడ్నీ ఇస్తావా' అనాలి. చాలామంది అడగరు. అడగకుండానే ఏళ్ళు గడిపేస్తారు. ఆ మొహమాటం వెనక గట్టి కారణమే ఉంది. మన వైద్యం, చట్టం, పథకాలు అన్నీ కిడ్నీ తీసుకునేవారి చుట్టూ అల్లుకున్నాయి. ఇచ్చేవారి బాగోగులు చూసే ఏర్పాటు చాలా పలచన. ఆ సంగతి అడిగేవారికీ తెలుసు, ఇవ్వాల్సినవారికీ తెలుసు.

ఈ ప్రశ్నను హైదరాబాద్ పంజాగుట్ట నుంచి చూడటం సబబు. నిజాం ట్రస్టు కట్టించిన ఎముకల ఆసుపత్రి పెరిగి పెద్దదై నిమ్స్ అయింది ఇక్కడే. రెండు రాష్ట్రాల కిడ్నీ రోగులకూ దశాబ్దాలుగా తెలిసిన చిరునామా అది. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో పని మొదలుపెట్టిన జీవన్‌దాన్ కార్యాలయం కూడా ఆ ఆవరణలోనే ఉంది. పక్కనే అమీర్‌పేట. కోచింగ్ సెంటర్ల పిల్లల కోసం వెలిసిన హాస్టళ్ళు, అద్దె గదులు అక్కడ గల్లీ గల్లీకీ ఉంటాయి. ఊరి నుంచి చికిత్సకు వచ్చిన కుటుంబాలు తల దాచుకునేదీ ఇలాంటి గదుల్లోనే.

ఏ వయసులో వస్తుంది

జవాన్లు చిన్న వయసులోనే రిటైరవుతారు. పద్దెనిమిదికో ఇరవైకో భర్తీ అయినవాడు నలభైకి అటూ ఇటూగా ఇంటికొస్తాడు. సర్వీసులో ఉన్నంత కాలం వేళకు మెడికల్ ఉంటుంది, బీపీ కాస్త పెరిగినా కేటగిరీ మారుతుంది. ఇంటికొచ్చాక ఆ నిఘా పోతుంది. బ్యాంకు దగ్గరో అపార్ట్‌మెంటు గేటు దగ్గరో సెక్యూరిటీ ఉద్యోగం, రాత్రి డ్యూటీలు, మోకాళ్ళ నొప్పులకు మెడికల్ షాపు మాత్రలు. కిడ్నీ జబ్బుకు దేశంలో పెద్ద కారణాలు షుగరు, బీపీ. ఈ రెండూ చప్పుడు చేయవు. కిడ్నీల పని సగానికి పైగా పడిపోయేదాకా క్రియాటినిన్ కూడా పెద్దగా పెరగదు. కాళ్ళ వాపనో ఆయాసమనో పాలీక్లినిక్‌కు వెళ్ళేసరికి చివరి దశ అయివుంటుంది.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం సంగతి వేరు. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం, పలాస ప్రాంతాల్లో షుగరూ బీపీ లేనివాళ్ళకు కూడా కిడ్నీలు పోతున్నాయి, కారణం ఇంతవరకూ గట్టిగా తేలలేదు. సైన్యానికి చాలామందిని పంపిన జిల్లా కూడా అదే. అక్కడి మాజీ సైనికుడికి రెండు చిక్కులు. తనకు జబ్బు రావడం ఒకటైతే, అన్నదమ్ములు కిడ్నీ ఇస్తామన్నా 'మీకూ రేపు రావచ్చు కదా' అని డాక్టరు వెనకాడటం రెండోది. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి తెరిచారు. చికిత్స ఊరి దగ్గరికి వచ్చింది కానీ దాత కొరత తీరలేదు.

డయాలసిస్ ఎలా ఉంటుందో ఫౌజీ మాటల్లో చెప్పాలంటే, కూర్చోబెట్టి చేయించే డ్యూటీ. ముంజేతిలో రక్తనాళాలు రెండు కలిపి ఫిస్టులా చేస్తారు. దాని మీద వేలు పెడితే లోపల జుయ్‌మంటూ కదులుతుంది. ఆ కదలిక ఆగితే ఫిస్టులా మూసుకుపోయినట్టు, వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. ఆ చేతికి బీపీ కట్టనివ్వకూడదు, బరువులెత్తకూడదు. ఒక్కో విడతకు నాలుగు గంటలు, రెండు సూదులు. అన్నిటికన్నా కష్టం నీళ్ళు. ఎండలో మార్చ్ చేసేటప్పుడు దాహం వేయకముందే తాగమని నేర్పిన ఒంటికి, ఇప్పుడు రోజుకు లీటరు లోపేనని కొలత. రెండు సెషన్ల మధ్య ఒంట్లో చేరిన నీరే మర్నాడు ఆయాసమవుతుంది. ఇలా వారానికి మూడు రోజులు పోతే ఏ ఉద్యోగం నిలుస్తుంది?

చట్టం ఎవరిని బంధువంటుంది

అవయవాల అమ్మకాన్ని ఆపడానికి కేంద్రం 1994లో చట్టం తెచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దాన్ని తీసుకోకుండా 1995లో సొంత చట్టం చేసుకుంది. కేంద్ర చట్టాన్ని 2011లో సవరించారు, 2014లో కొత్త నియమాలొచ్చాయి. తెలంగాణ మాత్రం పాత రాష్ట్ర చట్టంతోనే చాలా ఏళ్ళు నడిచి, 2025 మార్చిలో సవరించిన కేంద్ర చట్టాన్ని స్వీకరిస్తూ శాసనసభలో తీర్మానం చేసింది.

పాత చట్టం లెక్కలో దగ్గరి బంధువులంటే తల్లి, తండ్రి, భార్య లేదా భర్త, కొడుకు, కూతురు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు. 2011 సవరణ తాతలను, అమ్మమ్మ నానమ్మలను, మనవళ్ళు మనవరాళ్ళను చేర్చింది. మాజీ సైనికుడి వయసుకు ఈ చేర్పు వల్ల ఒరిగేది తక్కువ. యాభై ఏళ్ళవాడి తాత బతికుండడు, మనవడు బళ్ళో ఉంటాడు. దాతకు 18 ఏళ్ళు నిండాలి.

మన ఇళ్ళల్లో బంధుత్వం ఇంతటితో ఆగదు. మేనమామ లేకుండా పెళ్ళి జరగదు. బావమరిది ప్రతి కష్టంలో పక్కనే ఉంటాడు. పెదనాన్న కొడుకును కజిన్ అని ఎవరూ అనరు, అన్నయ్యే. చట్టం దృష్టిలో వీళ్ళెవరూ దగ్గరి బంధువులు కారు. వీళ్ళు కిడ్నీ ఇవ్వాలంటే ప్రేమాభిమానాలతోనే ఇస్తున్నామని, అవయవదానాలకు అనుమతిచ్చే ఆథరైజేషన్ కమిటీ ముందు రుజువు చేసుకోవాలి.

ఆ రుజువు ఎలా ఉంటుందంటే, దగ్గరి బంధువు కాని దాతకు వేరే ఫారం. నివాసం నిజమేనని తహసీల్దారు స్థాయి అధికారి ధ్రువీకరణ. ఇద్దరి ఆదాయ వివరాలు గత మూడేళ్ళవి పెట్టాలి. ఇద్దరి స్థితిగతుల మధ్య తేడా మరీ ఎక్కువుంటే కమిటీ డబ్బు చేతులు మారిందేమోనని చూస్తుంది. ఇద్దరూ కలిసి ఉన్న పాత ఫోటోలు అడుగుతుంది. ఇంటర్వ్యూ వీడియో తీస్తారు. 'నీ కిడ్నీ తీస్తే నీకేమవుతుందో తెలుసా', 'నీ ఇంట్లో ఒప్పుకున్నారా', 'ఆయనకు నువ్వు ఎలా తెలుసు' వంటి ప్రశ్నలుంటాయి. దాత మహిళ అయితే మరింత జాగ్రత్త తీసుకోవాలని, ఆమె సమ్మతిని కిడ్నీ తీసుకునే మనిషి కాక వేరొకరు విడిగా నిర్ధారించాలని నియమాలు చెబుతున్నాయి.

ఈ తనిఖీ కఠినంగా ఉండటం తప్పు కాదు. బిడియస్తుడైన పల్లెటూరి బావమరిది ఈ గదిలో తడబడితే దాన్ని అబద్ధమనుకునే ప్రమాదం మాత్రం ఉంది. వెళ్ళేముందు ఏం అడుగుతారో వివరించే ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్ ఉన్న చోట పని తేలికవుతుంది, లేని చోట నోటరీ బల్ల దగ్గరి మధ్యవర్తి ఆ పాత్రలోకి వస్తాడు.

చివరికి ఎవరిస్తున్నారు

కాగితం మీద దాతలు చాలామంది. ఇంట్లోకి వచ్చి చూస్తే తగ్గిపోతారు. అమ్మానాన్నలకు డెబ్భై దాటివుంటాయి. అన్నదమ్ములు అదే వయసువాళ్ళు, వాళ్ళకూ షుగరో బీపీయో మొదలై ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న తమ్ముడు ఇస్తానన్నా, చిన్నపిల్లల తల్లి అయిన మరదలు ఒప్పుకోదు, ఆమెను తప్పుపట్టలేం. కొడుకుకు ఇంకా పెళ్ళి కాలేదు, కూతురికి సంబంధాలు చూస్తున్నారు. 'పిల్లల జోలికి వెళ్ళొద్దు' అన్న తీర్మానం ఎవరూ పైకి చెప్పకుండానే అయిపోతుంది. ఇక మిగిలేది భార్య.

దేశపు లెక్కలూ ఈ మాటే చెబుతున్నాయి. జాతీయ అవయవ మార్పిడి సంస్థ నోట్టో వివరాల ప్రకారం 1995 నుంచి 2021 దాకా జరిగిన 36,640 మార్పిడుల్లో అవయవం పొందిన మగవాళ్ళు 29,695 మంది, ఆడవాళ్ళు 6,945 మంది. బతికుండగా ఇచ్చిన దాతల్లో మాత్రం ఎక్కువమంది ఆడవాళ్ళే. ఇందులో వైద్యపరమైన కారణం కూడా కొంత ఉంది. పిల్లల్ని కన్న స్త్రీ ఒంట్లో భర్త కణాలను ఎదిరించే యాంటీబాడీలు తయారై ఉండవచ్చు, అప్పుడు భర్త కిడ్నీ ఆమెకు పొసగదు. భార్య కిడ్నీ భర్తకు పెట్టడానికి ఆ అడ్డంకి లేదు. కానీ ఇంత తేడాను యాంటీబాడీలతో సర్దిచెప్పలేం. సంపాదించే ఒళ్ళు మగవాడిదని, ఇచ్చే ఒళ్ళు ఆడదానిదని ఇల్లు ముందే నిర్ణయించుకుంది.

సైనికుడి భార్య విషయంలో ఇది మరీ పట్టి చూడాల్సిన సంగతి. ఆయన కాశ్మీరులోనో అస్సాంలోనో ఉన్న ఏళ్ళన్నీ అత్తమామలను, పిల్లల చదువులను, పొలాన్ని ఒంటిచేత్తో నెట్టుకొచ్చిన మనిషి ఆమె. ఆయన తిరిగొచ్చాక కిడ్నీ కూడా ఆమెదే. ఇష్టంగా ఇచ్చేవాళ్ళే ఎక్కువ, అందులో సందేహం లేదు. అయినా వద్దనే అవకాశం ఆమెకు నిజంగా ఉందా అన్నది కమిటీ అడగాల్సిన ప్రశ్నల్లో మొదటిది. దాత మనసులో వద్దనుకుంటే, ఆసుపత్రి 'వైద్యపరంగా కుదరలేదు' అని చెప్పి ఆమె మాట బయటపడకుండా కాపాడాలి. మంచి ట్రాన్స్‌ప్లాంట్ యూనిట్లు పాటించే మర్యాద ఇది.

ఒకే బ్యారక్‌లో పడుకున్నవాళ్ళు

రక్తబంధువుల తర్వాత మాజీ సైనికుడికి తట్టే పేర్లు రెజిమెంట్‌వి. ఒకే బ్యారక్, ఒకే లంగరు, ఒకే పోస్టు. వాట్సాప్ గ్రూపులో ఒక్క మెసేజ్ పెడితే 'నాది తీసుకో' అనేవాళ్ళు ఉంటారు. సైనికుడి పేరు వింటే ముక్కూమొహం తెలియనివాళ్ళు కూడా కదిలిపోతారు. 2016 ఫిబ్రవరిలో సియాచిన్‌లో మంచు చరియ కింద మద్రాస్ రెజిమెంట్ 19వ బెటాలియన్ సైనికులు పదిమంది చిక్కుకున్నారు. వారిలో కర్నూలు జిల్లా పార్నపల్లె యువకుడు ముస్తాక్ అహ్మద్ కూడా ఉన్నాడు. ఆరు రోజుల తర్వాత ప్రాణంతో బయటపడింది కర్ణాటకకు చెందిన లాన్స్ నాయక్ హనుమంతప్ప ఒక్కడే. అతని కిడ్నీలు, కాలేయం దెబ్బతిన్నాయని తెలియగానే ఉత్తరప్రదేశ్‌లో ఒక గృహిణి తన కిడ్నీ ఇస్తానని ముందుకొచ్చింది. ఫిబ్రవరి 11న అతను మరణించడంతో ఆ మాట అక్కడే ఆగింది.

ఆగకపోయినా మన చట్టంలో ఆమెకు దారి కష్టమే. ముందు పరిచయం లేని మనిషి మీద ప్రేమాభిమానాలున్నాయని ఏ ఫోటో చూపిస్తుంది? అమెరికాలో పరిస్థితి వేరు. అక్కడ ఎవరో తెలియని రోగికి కిడ్నీ ఇవ్వడం చట్టబద్ధం. 2018లో వచ్చిన మిషన్ చట్టం మాజీ సైనికుడికి కిడ్నీ ఇచ్చే దాత సైన్యంతో సంబంధం లేని మనిషైనా ఖర్చు భరించే అధికారం మాజీ సైనికుల వైద్య శాఖకు ఇచ్చింది. మాజీ సైనికులకు బతికున్న దాతలను వెతికిపెట్టడానికే డవ్ అనే స్వచ్ఛంద సంస్థ న్యూయార్క్‌లో పనిచేస్తోంది. ఆ నమూనాను ఇక్కడ ఉన్నదున్నట్టు దించుకోవడం కుదరదు. పేదరికం, బ్రోకర్లు ఉన్న దేశంలో అపరిచితుడి దానానికి తలుపు తెరిస్తే ముందుగా దూరేది ఎవరో మనకు తెలుసు.

రెజిమెంట్ స్నేహితుడి కథ మాత్రం అపరిచితుడిది కాదు. పదేళ్ళు కలిసి సేవ చేసినట్టు సర్వీసు రికార్డు ఉంటుంది, గ్రూప్ ఫోటోలుంటాయి, ఒకే యూనిట్ పేరు ఇద్దరి డిశ్చార్జి పుస్తకాల్లోనూ ఉంటుంది. ప్రేమాభిమానాలకు ఇంతకన్నా గట్టి కాగితపు సాక్ష్యం ఏ పొరుగింటి స్నేహానికీ దొరకదు. ఆథరైజేషన్ కమిటీలు దీన్ని ప్రామాణిక ఆధారంగా గుర్తించేలా మార్గదర్శకం ఒకటి ఇస్తే చాలు, చట్టం మార్చక్కర్లేదు.

చూడబోతే కిడ్నీ మార్పిడి పుట్టుకలోనే సైనికులున్నారు. రెండో ప్రపంచయుద్ధంలో కాలిన గాయాలతో వచ్చిన సైనికులకు చర్మం అతుకుతూ, ఒకరి చర్మాన్ని మరొకరి ఒళ్ళు ఎందుకు నెట్టేస్తుందని ఆలోచించడం మొదలుపెట్టాడు జోసెఫ్ ముర్రే అనే ఆర్మీ సర్జన్. ఆయనే 1954 డిసెంబర్ 23న బోస్టన్‌లో మొదటి విజయవంతమైన కిడ్నీ మార్పిడి చేశాడు. తీసుకున్న రిచర్డ్ హెరిక్ కోస్ట్‌గార్డ్‌లో, ఇచ్చిన కవల సోదరుడు రొనాల్డ్ ఆర్మీలో పనిచేసినవాళ్ళు. రిచర్డ్ ఎనిమిదేళ్ళు బతికాడు. ఒక్క కిడ్నీతో రొనాల్డ్ 2010 దాకా, 79 ఏళ్ళు వచ్చేదాకా ఉన్నాడు. మన దేశంలో 1971లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఈ పని సాధించింది.

మ్యాచ్ కాకపోతే

దాత సిద్ధమైనా రక్తం గ్రూపు కలవకపోవచ్చు. ఓ గ్రూపువాళ్ళు ఎవరికైనా ఇవ్వగలరు, ఏబీ వాళ్ళు ఎవరి నుంచైనా తీసుకోగలరు, పాజిటివ్ నెగటివ్ తేడా ఇక్కడ అడ్డు రాదు. గ్రూపు కలవకపోయినా ముందుగా యాంటీబాడీలను తొలగించి ఆపరేషన్ చేసే పద్ధతి ఉంది. ఖర్చు ఎక్కువ, ఇన్‌ఫెక్షన్ భయమూ ఎక్కువ.

అంతకన్నా తేలికైనది పరస్పర మార్పిడి. ఒకాయన భార్య కిడ్నీ ఆయనకు కుదరదు, ఇంకొకాయనదీ అదే కథ, కానీ ఒకరి భార్యది రెండో ఆయనకు కుదురుతుంది. రెండు జంటలూ మార్చుకుంటాయి. 2011 సవరణ దగ్గరి బంధువుల మధ్య దీన్ని అనుమతించింది. కేంద్ర చట్టం స్వీకరించడంతో తెలంగాణలోనూ ఈ దారికి చట్టం అండ దొరికింది. ఇది పనిచేయాలంటే జంటల జాబితా పెద్దదిగా ఉండాలి. ఒక్కో ఆసుపత్రి తన నాలుగు జంటలను తనే దాచుకుంటే జోడీ దొరకదు. పంజాగుట్టలో జీవన్‌దాన్, తిరుమలగిరిలో మిలటరీ హాస్పిటల్, నగరమంతా కార్పొరేట్ ఆసుపత్రులు ఉన్న హైదరాబాద్‌లో అందరికీ ఒకే మార్పిడి జాబితా పెట్టుకోవడం అసాధ్యమేమీ కాదు.

ఇక జీవన్‌దాన్ వరుస. మరణానంతర దానంలో తెలంగాణ దేశానికే ముందుంది. 2023లో దేశం మొత్తం మీద అలాంటి దాతలు 1,099 మంది అయితే, 252 మంది తెలంగాణవాళ్ళే. 2024లో 188 మంది. పది లక్షల జనాభాకు దేశ సగటు 0.8 ఉంటే ఇక్కడ 4.88. నమోదుకు 65 ఏళ్ళ పైపరిమితిని కేంద్రం 2023లో ఎత్తేసింది. ఇది పెద్ద వయసు సైనికులకు మేలు చేసింది. సైన్యానికి కూడా 2007 నుంచి సొంత అవయవ సేకరణ సంస్థ అయోర్టా ఉంది. ఇంత ఉన్నా రోగుల సంఖ్య ముందు కిడ్నీలు చాలవు. ఎదురుచూపు ఏళ్ళ మీద నడుస్తుంది.

డబ్బుకు దొరుకుతుందన్న మాట

ఎదురుచూపు ఎంత పొడవైతే బ్రోకరుకు అంత గిరాకీ. 2016లో నల్లగొండ పోలీసులు బయటపెట్టిన కేసులో యువకులను కొలంబో పంపి కిడ్నీలు తీయించారు. 2024లో గుంటూరుకు చెందిన ఆటో డ్రైవరు ఒకరు, 30 లక్షలు ఇస్తామని నమ్మించి విజయవాడలో తన కిడ్నీ తీసుకున్నారని పోలీసులకు ఫిర్యాదు చేశాడు. 2025 జనవరిలో హైదరాబాద్ సరూర్‌నగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో అక్రమ మార్పిడులు జరుగుతుండగా అధికారులు దాడి చేశారు. దాతలు పొరుగు రాష్ట్రాల పేదలు.

సవరించిన చట్టంలో ఈ నేరానికి ఐదు నుంచి పదేళ్ళ జైలు, 20 లక్షల నుంచి కోటి రూపాయల దాకా జరిమానా ఉంది. డబ్బిస్తామంటూ దాత కోసం ప్రకటన వేయడం కూడా నేరమే. రిటైరైనప్పుడు చేతికొచ్చిన సొమ్ము ఉన్న ఫౌజీ బ్రోకరు కంటికి మంచి బేరం. అతనికి పోయేది డబ్బొక్కటే కాదు. సరిగ్గా పరీక్షలు చేయని దాత కిడ్నీతో పాటు ఇన్‌ఫెక్షన్ కూడా ఒంట్లోకి రావచ్చు. కేసు అయితే ఆపరేషన్ తర్వాత చూసే డాక్టరే దొరకడు.

ఖర్చు ఎవరు పెడతారు

తీసుకునేవారి వైపు పరిస్థితి ఇరవై ఏళ్ళ కిందటికంటే చాలా మెరుగు. పింఛనుదారులైన మాజీ సైనికులకు 2003 ఏప్రిల్ 1 నుంచి ఈసీహెచ్ఎస్ అనే వైద్య పథకం ఉంది. పాలీక్లినిక్ రెఫరల్ ఇస్తే జాబితాలోని ఆసుపత్రిలో చికిత్స. ఆ పథకం లేని కుటుంబానికి ఆరోగ్యశ్రీ, తెలంగాణలో దాని పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెరిగింది. డయాలసిస్ రోగులకు తెలంగాణలో ఆసరా పింఛను నెలకు 2,016 రూపాయలు, ఆంధ్రప్రదేశ్‌లో 10,000.

ఈ వరుసలో ఖాళీ ఒకటి కనిపిస్తోంది. 2022లో మొదలైన అగ్నిపథ్ అనే సైనిక భర్తీ పథకంలో చేరినవాళ్ళలో నాలుగింట మూడొంతుల మంది నాలుగేళ్ళకే ఇంటికొస్తారు. వాళ్ళకు పింఛను లేదు, మాజీ సైనికుడన్న హోదా లేదు, ఈసీహెచ్ఎస్ కూడా లేదు. పశ్చిమ గోదావరిలో మిలటరీ మాధవరం లాంటి ఊళ్ళలో రేపు 'మిలటరీలో చేశాడు' అన్న మాటకు రెండు రకాల అర్థం ఉండబోతోంది.

ఇచ్చేవారి వైపు చూస్తే చిత్రం మారిపోతుంది. ఆపరేషన్ బిల్లు పథకం కడుతుంది. దాత పరీక్షల కోసం ఎన్నిసార్లు తిరిగాడో, ఎన్ని కూలి రోజులు పోయాయో ఏ బిల్లులోనూ రాదు. క్రాస్‌మ్యాచ్, సీటీ యాంజియో, కిడ్నీ పనితనం కొలిచే స్కాన్, మానసిక నిపుణుడి ఇంటర్వ్యూ, కమిటీ రోజు, వాయిదా పడితే మళ్ళీ ఒక రోజు. అమీర్‌పేటలో గది అద్దె, పూటకూళ్ళు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అవయవం ఇస్తే 42 రోజుల ప్రత్యేక సెలవు 2023 నుంచి ఉంది. మాజీ సైనికుడి తమ్ముడు కౌలు రైతో లారీ డ్రైవరో అయితే ఆ ఉత్తర్వు అతనికి పట్టదు.

చాలామంది గమనించని విషయం ఒకటుంది. అవయవానికి డబ్బు తీసుకోకూడదన్న చట్టమే, దానం వల్ల దాతకు నేరుగా అయ్యే ఖర్చునూ పోయిన సంపాదననూ ఆ నిషేధం నుంచి మినహాయించింది. అంటే పోయిన కూలి కట్టివ్వడం అమ్మకం కిందికి రాదు. ఇజ్రాయెల్ 2008 చట్టంతో దాతకు 40 రోజుల సంపాదన ఇస్తోంది, రేపు అతనికే అవయవం కావాల్సివస్తే వరుసలో ముందు నిలబెడుతోంది. బ్రిటన్‌లో జాతీయ ఆరోగ్య సేవ దాత నష్టపోయిన జీతాన్ని లెక్కగట్టి చెల్లిస్తోంది. మన చట్టం తెరిచి ఉంచిన తలుపులోకి మన పథకాలే అడుగుపెట్టలేదు.

ఇచ్చాక ఏమవుతుంది

దాతకు ఆపరేషన్ ఈ రోజుల్లో ఎక్కువగా లాపరోస్కోపీతోనే. నాలుగైదు రోజుల్లో ఇంటికి పంపుతారు. మిగిలిన కిడ్నీ కొన్ని నెలల్లో పుంజుకుని, రెండూ కలిసి చేసిన పనిలో దాదాపు 70 శాతం చేస్తుంది. ఆపరేషన్ వల్ల ప్రాణం పోయే ప్రమాదం పదివేలకు ఒకరి నుంచి ముగ్గురి దాకా. అమెరికాలో 2014లో వచ్చిన పెద్ద అధ్యయనం ప్రకారం, జీవితకాలంలో కిడ్నీలు పూర్తిగా చెడిపోయే అవకాశం దాతల్లో పదివేలకు 90 మందికి ఉంటే, అంతే ఆరోగ్యంగా ఉండి దానం చేయనివారిలో 14 మందికి ఉంది. ప్రమాదం చిన్నదే, కానీ లేకపోలేదు. అది పెరగకుండా ఉండాలంటే ఏడాదికోసారి బీపీ, మూత్రంలో ప్రొటీన్, క్రియాటినిన్ చూడాలి. మూడూ చవక పరీక్షలే.

తీసుకున్న మనిషి ఈ పరీక్షలు తప్పనిసరిగా చేయించుకుంటాడు, మందులున్నాయి కనుక. టాక్రోలిమస్, మైకోఫినోలేట్, ప్రెడ్నిసొలోన్ జీవితాంతం వేసుకోవాలి, మొదటి నెలల్లో వారం వారం రక్తంలో మందు పాళ్ళు చూపించుకోవాలి. దాతకు మందు లేదు, కనుక ఆసుపత్రికి వెళ్ళే కారణమూ లేదు. కుట్లు విప్పాక అతను ఊరికి వెళ్ళిపోతాడు. ఐదేళ్ళ తర్వాత అతని బీపీ ఎంతుందో ఎవరి రిజిస్టరులోనూ ఉండదు. భార్యే దాత అయితే మరీ అన్యాయం. ఆయన మందుల వేళలు గుర్తుపెట్టేది ఆమె, తన పరీక్ష మరిచిపోయేదీ ఆమె.

ఏం చేయాలి

ఇప్పటిదాకా చూసినవన్నీ కలిపితే తేలేది ఇది. మాజీ సైనికుడికి కిడ్నీ దొరకకపోవడానికి సర్జన్లు లేకపోవడం కారణం కాదు, ఆపరేషన్ డబ్బూ చాలావరకూ కారణం కాదు. ఇచ్చే మనిషి తన ఒంటితో పాటు తన కూలినీ, తన రేపటినీ కూడా ఇవ్వాల్సి రావడం కారణం. అందుకే అడిగేవాడు నోరు విప్పడు, ఇవ్వగలిగినవాడి ఇంట్లో ఒప్పుకోరు.

ఈసీహెచ్ఎస్ సభ్యుడికి కిడ్నీ ఇచ్చిన దాతను, అతను సభ్యుడి కుటుంబంలోకి రాకపోయినా, కిడ్నీకి సంబంధించినంతవరకు జీవితాంతం అదే పాలీక్లినిక్‌లో చూడాలి. ఏడాదికి ఒక్క బీపీ పరీక్ష, ఒక రక్తపరీక్ష, ఒక మూత్రపరీక్ష. ఇందులో ప్రభుత్వం భరించలేని ఖర్చేమీ లేదు. ఆరోగ్యశ్రీ దాతలకూ అదే ఏర్పాటు నిమ్స్ లాంటి చోట్ల చేయవచ్చు. పోయిన సంపాదనకు చట్టం అనుమతించిన మేర 42 రోజుల కనీస వేతనం రాష్ట్రమే కట్టాలి, ఆసుపత్రి ద్వారా, కమిటీ ఆమోదించాక మాత్రమే, బ్రోకరుకు సందు లేకుండా. దాతల రిజిస్టరు జీవన్‌దాన్ నడపాలి. నోట్టో కేటాయింపు పద్ధతిలో గతంలో కిడ్నీ ఇచ్చినవారికి అదనపు మార్కులున్నాయి. ఆ విషయం ప్రతి దాతకూ డిశ్చార్జి రోజునే రాతపూర్వకంగా ఇవ్వాలి. రెజిమెంట్ రికార్డును కమిటీలు ఆధారంగా తీసుకోవాలి, నగరంలో పరస్పర మార్పిడికి ఒకే జాబితా ఉండాలి.

ఇవేవీ కొత్త చట్టం అడగవు. కొన్నిటికి ఉత్తర్వు చాలు, కొన్నిటికి బడ్జెట్‌లో చిన్న పద్దు చాలు. దేశం కోసం ఒళ్ళు పణంగా పెట్టిన మనిషిని చూసుకుంటామని మాట ఇచ్చాం. అతని కోసం ఒళ్ళు కోయించుకున్న మనిషిని చూసుకోవడం కూడా ఆ మాటలో భాగమే. ఆ భరోసా ముందుగా దాతకు దొరికితే, అడగడానికి ఫౌజీకి ధైర్యం వస్తుంది. ఇవ్వనంటే తప్పేమీ లేదన్న ధైర్యం ఆ ఇంటి ఆడమనిషికీ రావాలి.